కంటికి ఆనని గుర్రం
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నలభై ఏళ్ళు ఫొటో స్టూడియో నడిపినవాణ్ణి. మీలో సగంమంది నిఖానామా ఫొటోలు, పిల్లల స్కూలు ఫొటోలు నా చేతి మీదుగా పోయినవే. అలాంటి నన్ను మైకు ముందు నిలబెట్టి ఆకాశం గురించి మాట్లాడమన్నారంటే అందుకు కారణం నా పాండిత్యం కాదు. హాలు గుమ్మం పక్కన గోడకు తగిలించిన ఆ ఎర్రటి ఫొటో. వచ్చేటప్పుడు అందరూ చూసే ఉంటారు. ఎర్రటి తెర ముందు నల్లగా గుర్రం తల ఉన్నట్టు ఉంటుంది.

ఆ ఫొటో చూసి మన కమిటీ పెద్దల్లో ఒకరి తల్లి, మేమందరం ఖాలా అని పిలిచే ఆమె, నన్నొక ప్రశ్న అడిగింది. "బేటా, నువ్వు చెప్పిన చోట నేను రాత్రి మిద్దె మీద నిలబడి చూశాను. అక్కడ ఏమీ లేదు, చీకటే ఉంది. లేనిది నీ ఫొటోలోకి ఎట్లా వచ్చింది? కంప్యూటర్లో రంగు పూశావా?" అని.

ఆమె అడిగిందాంట్లో తప్పేమీ లేదు. పైగా ఈ రోజుల్లో అందరూ అడగవలసిన ప్రశ్నే అది. స్టూడియోలో ముసలివాళ్ళ ముఖం మీద ముడతలు తీసేసినవాణ్ణి, పెళ్ళికి రాని మేనమామను గ్రూపు ఫొటోలో అతికించి ఇచ్చినవాణ్ణి. ఫొటో అబద్ధం ఆడగలదని నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? కాబట్టి ఇవ్వాళ నా ప్రసంగమంతా ఆ ఒక్క ప్రశ్నకే జవాబు. కంటికి కనిపించని వస్తువు ఫొటోలో ఉంటే, అది నిజంగా అక్కడ ఉన్నదని ఎట్లా చెప్పగలం?

ముందు అది ఎక్కడుందో చెబుతాను. శీతాకాలం రాత్రుల్లో ఆకాశం మధ్యన వరుసగా మూడు చుక్కలు కనిపిస్తాయి. పల్లెల్లో కొందరు గొల్లకావడి అంటారు. పుస్తకాల్లో ఒరాయన్ వేటగాడి నడుంపట్టీ అని ఉంటుంది. ఆ మూడింటికీ ప్రపంచమంతా వాడే పేర్లు అరబీ నుంచి వచ్చినవే. మింటకా అంటే మింతఖా, పట్టీ. ఆల్నిటాక్ అంటే నితాఖ్, అదీ నడికట్టే. నడిమి చుక్క ఆల్నిలామ్. దాని అసలు మాట నిజామ్. వరుసగా గుచ్చిన ముత్యాల దండ అని అర్థం. మన హైదరాబాదు నవాబుల బిరుదులో ఉన్న నిజామూ ఆ మాటే, అక్కడ ఏర్పాటు, పాలన అనే అర్థంలో. ఈ సంగతి చెప్పగానే మా మనవరాలు "అయితే నానా, హైదరాబాదు ఆకాశంలో కూడా ఉందా?" అంది. ఒక రకంగా ఉన్నట్టే.

ఆ మూడు చుక్కల్లో తూర్పు చివరిది ఆల్నిటాక్. దానికి దక్షిణంగా సుమారు ఒక చందమామ వెడల్పంత దూరంలో ఉన్నది గుర్రపుతల నీహారిక. నీహారిక అంటే నక్షత్రాల మధ్య ఉండే వాయువు, ధూళి మేఘం. మనకు దాదాపు 1,400 కాంతి సంవత్సరాల దూరం. అంటే ఇవ్వాళ మన కెమెరాలో పడే వెలుగు అక్కడ బయలుదేరి దాదాపు 1,400 ఏళ్ళయింది. వెనకాల ఉన్న ఎరుపు హైడ్రోజన్ వాయువు. దగ్గర్లో ఉన్న సిగ్మా ఒరాయనిస్ అనే బాగా వేడి నక్షత్రం ఆ వాయువును కాల్చినట్టు కాల్చి వెలిగిస్తుంది. ముందర నల్లగా ఉన్న గుర్రం తల దట్టమైన ధూళి. వెనకాల వెలుగును అడ్డుకొని నీడలాగా నిలబడింది. ఆకాశంలో దాని కొలత చందమామ వెడల్పులో ఐదో వంతో ఆరో వంతో ఉంటుంది, అంతే. పెద్ద పెద్ద టెలిస్కోపులకు కన్ను ఆనించి చూసినవాళ్ళకు కూడా అది సులభంగా చిక్కదు.

ఎందుకు చిక్కదంటే, మన కన్ను వెలుగును దాచుకోదు. సెకనులో పదో వంతో పదిహేనో వంతో కాలం పాటు పడిన వెలుగును లెక్కపెట్టి మెదడుకు పంపి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతుంది. గంటసేపు గుడ్లు మిటకరించి చూసినా మొదటి క్షణంలో చూసినదానికంటే ఎక్కువ వెలుగు పోగుపడదు. పైగా చీకట్లో పనిచేసే కంటి కణాలకు రంగు తెలియదు, అందులోనూ ముదురు ఎరుపు బొత్తిగా తెలియదు. ఫొటో ప్లేటు అట్లా కాదు. చినుకు చినుకునూ పట్టే తొట్టి వంటిది. పది నిమిషాలు తెరిచి ఉంచితే పది నిమిషాల వెలుగు, గంట ఉంచితే గంట వెలుగు. కన్ను కుళాయి కింద పెట్టిన జల్లెడ, ప్లేటు బిందె. ఖాలా గారికి నేను చెప్పిన మొదటి జవాబు ఇదే. అక్కడ లేకపోవడం కాదు, పోగు చేసుకునే శక్తి కంటికి లేకపోవడం.

ఈ సంగతి లోకానికి తెలిసింది పెద్దగా వెనకటి కాలమేమీ కాదు. మొదట్లో ఉన్న తడి ప్లేట్లు పది పదిహేను నిమిషాల్లో ఆరిపోయేవి. అంతకంటే ఎక్కువసేపు వెలుగు పట్టడానికి వీల్లేదు. జిలటిన్ పూసిన పొడి ప్లేట్లు వచ్చాకనే దారి తెరుచుకుంది. 1880 సెప్టెంబరు 30న అమెరికాలో హెన్రీ డ్రేపర్ అనే ఆయన 11 అంగుళాల టెలిస్కోపుతో సుమారు 50 నిమిషాలు ప్లేటు తెరిచి ఉంచి ఒరాయన్ పెద్ద నీహారికను ఫొటో తీశాడు. నీహారికను ఫొటో తీయడం అదే మొదలు. ఆయన చదివింది వైద్యం. తరువాత 1883లో లండన్ పక్కన ఈలింగ్‌లో ఆండ్రూ ఐన్‌స్లీ కామన్ 36 అంగుళాల అద్దంతో అదే నీహారికను తీస్తే, అదే టెలిస్కోపులో కంటితో చూసినప్పుడు కనబడని నక్షత్రాలు ప్లేటు మీద కనబడ్డాయి. కామన్ మురుగునీటి పారుదల పనులు చేసే ఇంజనీరు. ఇద్దరూ సరదా కొద్దీ ఆకాశం చూసినవాళ్ళే. ఆ పనికి జీతం తీసుకున్నవాళ్ళు కాదు. మరుసటి ఏడు కామన్‌కు రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది.

గుర్రపుతల దొరికిన కథ మాత్రం మన ఆడపిల్లలు శ్రద్ధగా వినాలి.

విలియమీనా ఫ్లెమింగ్ 1857లో స్కాట్లండులోని డండీలో పుట్టింది. భర్తతో అమెరికా వెళ్ళింది. కడుపుతో ఉండగా భర్త విడిచి వెళ్ళాడు. పొట్ట గడవడానికి హార్వర్డు నక్షత్రశాల డైరెక్టరు ఎడ్వర్డ్ పికరింగ్ ఇంట్లో పనిమనిషిగా చేరింది. ఆమె చురుకుదనం చూసి పికరింగ్ ఆమెను నక్షత్రశాలలో పనికి తీసుకున్నాడు. ఇందాక చెప్పిన డ్రేపర్ చనిపోయాక ఆయన భార్య ఇచ్చిన విరాళంతో అక్కడ నక్షత్రాల వెలుగును ప్లేట్ల మీద పట్టి విడదీసి చూసే పని పెద్ద ఎత్తున సాగింది. ఆ ప్లేట్లను భూతద్దం పెట్టి చదివే ఆడవాళ్ళ బృందానికి ఫ్లెమింగ్ పెద్ద దిక్కయింది. 1888 ఫిబ్రవరి 6న 8 అంగుళాల టెలిస్కోపుతో తీసిన ఒక ప్లేటు మీద, ఆల్నిటాక్‌కు కింద, మసక వెలుగు అంచులో అర్ధచంద్రాకారంగా ఒక నొక్కు ఉన్నట్టు ఆమె చూసి రాసిపెట్టింది. ఆ నొక్కే మన గుర్రం తల.

1895లో డ్రేయర్ నీహారికల పట్టిక అనుబంధం వేసినప్పుడు హార్వర్డులో దొరికినవన్నీ పికరింగ్ పేరనే పడ్డాయి. ఫ్లెమింగ్ పేరు లేదు. 1908లో వచ్చిన రెండో అనుబంధంలో గాని ఆమె పేరు రాలేదు. ఇంట్లో గిన్నెలు తోమిన చేతులే ఆకాశంలో పదిమంది చదువుకున్నవాళ్ళు దాటిపోయిన మరకను ఆపి చూశాయి. నేను స్టూడియోలో ఎన్నో వేల నెగటివ్‌లు చూసినవాణ్ణి గనక చెబుతున్నాను, నెగటివ్ మీద మరకను చూసి "ఇది మరక కాదు" అనడానికి ఎంత ధైర్యం కావాలో!

మరకా, వస్తువా అనే ఆ తగువు అక్కడితో తీరలేదు. దాన్ని తీర్చడానికి సగం జీవితం పెట్టిన మనిషి ఎడ్వర్డ్ ఎమర్సన్ బార్నార్డ్. ఆయనా 1857లోనే పుట్టాడు, అమెరికాలో నాష్‌విల్‌లో. పుట్టకముందే తండ్రి పోయాడు. కటిక పేదరికం. తొమ్మిదో ఏట ఫొటో స్టూడియోలో పనికి కుదిరాడు. ఏం పనయ్యా అంటే – ఆ రోజుల్లో ఫొటోలు పెద్దవి చేయడానికి కరెంటు దీపాలు లేవు, మేడ మీద పెద్ద యంత్రం పెట్టి ఎండను అందులోకి పట్టేవారు. సూర్యుడు కదిలినకొద్దీ ఆ యంత్రాన్ని చేత్తో తిప్పుతూ సూర్యుడి మీదనుంచి చెదరకుండా చూడటం ఆ పసివాడి పని. ఇంకో పిల్లవాడైతే కునుకు తీసేవాడు. బార్నార్డ్ తీయలేదు. పెద్దయ్యాక ఆయన నక్షత్రాల మీద టెలిస్కోపును గంటల తరబడి నిలబెట్టి పాలపుంత ఫొటోలు తీశాడంటే, అది ఎండలో నేర్చిన విద్యే. మా వృత్తివాడు అని చెప్పుకోవడానికి నాకు కాస్త గర్వంగానే ఉంటుంది.

ఆ ఫొటోల్లో నక్షత్రాల నడుమ నల్లటి మచ్చలు పడేవి. అవి ఆకాశంలో నిజంగా ఖాళీగా ఉన్న రంధ్రాలా, లేక ముందర ఏదో అడ్డం వచ్చిందా? బార్నార్డ్ చాలాకాలం రంధ్రాలనే వైపు మొగ్గాడు. ఒక వేసవి రాత్రి ఫొటో తీస్తుండగా పాలపుంత మీదికి చిన్న చిన్న మబ్బుతునకలు వచ్చాయి. వెలుగు ముందర అవి సిరాచుక్కల్లాగ నల్లగా, అచ్చం తన ప్లేట్ల మీద మచ్చల్లాగే కనబడ్డాయి. 1919లో ఆయన 182 నల్లటి మచ్చల పట్టిక అచ్చువేశాడు. అందులో 33వది గుర్రపుతల. అందుకే దాన్ని ఇప్పటికీ బార్నార్డ్ 33 అంటారు.

ఇక్కడ మన హైదరాబాదు సంగతి చెప్పకుండా పోతే అన్యాయం. నవాబ్ జఫర్ జంగ్ బహదూర్ అనే ఆయన గ్రబ్ కంపెనీవారి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి, ఫిసల్‌బండలో తన జాగాలో నక్షత్రశాల పెట్టి, 1901లో నిజాం అనుమతితో నిజామియా అని పేరు పెట్టాడు. ఉద్యోగం కోసం పెట్టింది కాదు, ఇష్టం కొద్దీ పెట్టింది. 1907లో ఆయన చనిపోయారు. 1908లో ప్రభుత్వం దాన్ని తీసుకొని తరువాత బేగంపేటకు మార్చింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. మొత్తం ఆకాశాన్ని ఫొటోప్లేట్ల మీద పటం గీయాలని 1887లో పారిస్‌లో మొదలైన పెద్ద ప్రయత్నంలో మన హైదరాబాదుకూ ఒక వాటా ఉంది. 8 అంగుళాల కెమెరా టెలిస్కోపుతో లక్షలాది నక్షత్రాల స్థానాలు కొలిచి పుస్తకాలుగా అచ్చువేశారు. భాస్కరన్ గారి తరువాత డైరెక్టరుగా ఉన్న అక్బర్ అలీ గారు 48 అంగుళాల టెలిస్కోపు కోసం పాటుపడ్డారు. 1968లో అది జాపాల్–రంగాపూర్‌లో నిలబడింది.

ఆ బేగంపేట నక్షత్రశాలలో అసిస్టెంటుగా పనిచేసిన ఒకాయన కొడుకు వైనూ బప్పు. హైదరాబాదులో చదువుకొని, ప్రభుత్వ స్కాలర్‌షిప్పుతో హార్వర్డు వెళ్ళాడు. 1949లో అక్కడ తాను తీసిన ప్లేటు మీద మసగ్గా ఉన్నదాన్ని చూసి, అది తోకచుక్క అని పట్టుకున్నాడు. మళ్ళీ అదే కథ. మరకా, వస్తువా?

సరే, ఇప్పుడు నా గోడ మీది ఫొటోకు వద్దాం.

నా టెలిస్కోపు గాజు వెడల్పు 80 మిల్లీమీటర్లు. అంటే మూడు అంగుళాల చిల్లర, టీ గ్లాసు పళ్ళెమంత. హార్వర్డు ప్లేటు తీసిన 8 అంగుళాల దాని ముందు ఇది బొమ్మ. అయినా అది పట్టినదంతా ఇదీ పడుతుంది, ఎందుకంటే వెనకాల ఉన్నది పొడి ప్లేటు కాదు, డిజిటల్ కెమెరా. ఫిల్ము రోజుల్లో నాకు బాగా తెలిసిన చిక్కు ఒకటుండేది. వెలుగు మరీ సన్నగా వచ్చినప్పుడు ఫిల్ము కాసేపటికి మొద్దుబారిపోయేది. రెండు గంటలు తెరిచినా రెట్టింపు రాదు. దాన్ని పోగొట్టడానికి 1980ల్లో విదేశాల్లో ఔత్సాహికులు కొడక్ టెక్నికల్ పాన్ ఫిల్మును హైడ్రోజన్ కలిపిన వాయువులో వేడిచేసి మరీ వాడేవారు. డిజిటల్‌కు ఆ రోగం లేదు.

అయితే ఒక సంగతి. బజార్లో దొరికే కెమెరాలో సెన్సారు ముందర ఒక గాజు ఉంటుంది. మనుషుల ముఖాలు సహజంగా రావడానికి అది ముదురు ఎరుపును చాలావరకు అడ్డుకుంటుంది. హైడ్రోజన్ మేఘం వెలిగేది సరిగ్గా ఆ ఎరుపులోనే, 656.3 నానోమీటర్ల దగ్గర. కాబట్టి ఈ పనికి ఆ గాజును తీయించాలి. తీయించిన కెమెరాతో పెళ్ళి ఫొటోలు తీయకండి, దుల్హన్ మాత్రమే కాదు ఖాజీ సాహెబ్ కూడా గులాబీరంగులో ఉంటారు.

కుర్రవాళ్ళు అడుగుతుంటారు, "చాచా, ఎంత పెద్ద టెలిస్కోపు కొనాలి?" అని. నా సలహా ఎప్పుడూ ఒకటే. టెలిస్కోపు చిన్నది కొనండి, దాన్ని మోసే మౌంటు మంచిది కొనండి. డబ్బులో సగానికి పైగా మౌంటుకే పెట్టండి. భూమి తిరగడం వల్ల ఆ చుక్కలు నిమిషానికి అర చందమామ వెడల్పు జరిగిపోతాయి. అంటే మన గుర్రం తల ఒక్క నిమిషంలో తన వెడల్పుకు రెండు రెట్లకు మించి పరుగెత్తుతుంది. నేను ఒక్కొక్క ఫొటోకు ఐదు నిమిషాలు తెరిచి ఉంచాను. ఆ ఐదు నిమిషాలూ టెలిస్కోపు దానితోపాటు తిరగకపోతే గుర్రం కాదు, ఎర్రటి గీత కూడా మిగలదు. బార్నార్డ్ కన్ను ఆనించి చేత్తో చేసిన పనిని ఇప్పుడు ఇంకో చిన్న కెమెరా చేస్తుంది. పక్కనే ఉన్న ఒక నక్షత్రాన్ని చూస్తూ, అది రవ్వంత పక్కకు పోతే మోటారును సర్దుతుంది.

మౌంటు ఇరుసును ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టాలి. కర్నూలు దగ్గర అది ఉత్తరాన 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చింతచెట్టు అడ్డం వస్తే కనబడదు. ఇరుసు అంత వాలుగా పడుకున్నప్పుడు కొన్ని మౌంట్ల బరువుగుండు ముక్కాలిపీట కాలికి తగులుకుంటుంది. కొనేముందు ఇది చూసుకోవాలి. దీనికి బదులుగా దేవుడు మనకొక మేలు చేశాడు. గుర్రపుతల మన నెత్తి మీదికి 72 డిగ్రీల ఎత్తుదాకా వస్తుంది. లండన్‌లో 36 డిగ్రీలు దాటదు. అంత కిందుగా ఉంటే గాలి, దుమ్ము, మంచు అన్నీ దాటుకొని వెలుగు రావాలి. మన గొల్లకావడి మనకు ఎదురుగా కాదు, పైన నిలబడుతుంది. యూరపువాళ్ళు ఈర్ష్యపడవలసిన చోట మనం ఉన్నాం. కాకపోతే మనకు చీకటి తరిగిపోతున్నది. ఊళ్ళో మిద్దె మీద నుంచి వీధిదీపాల వెలుగులో ఇది తీయాలంటే ఎరుపును మాత్రమే వదిలే ప్రత్యేకమైన ఫిల్టరు కావాలి. నేను అమావాస్య రాత్రులు చూసుకొని, బంధువుల పొలానికి పోయి తీశాను. డిసెంబరు నెలలో అర్ధరాత్రికి అది నడినెత్తికి వస్తుంది. మంచు గాజు మీద పేరుకోకుండా బ్యాటరీతో వెచ్చబడే పట్టీ చుట్టాలి, మనకేమో కంబళి.

మూడు రాత్రుల్లో ఐదేసి నిమిషాల ఫొటోలు 72, మొత్తం ఆరు గంటల వెలుగు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఇసుక చల్లినట్టు గరగరగా ఉంటుంది, గుర్రం ఉందో లేదో అన్నట్టుంటుంది. అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే ఇసుక తగ్గుతుంది. ఎందుకంటే ఇసుక ప్రతి ఫొటోలో ఒక్కో తీరుగా పడుతుంది, ఆకాశంలో ఉన్నది మాత్రం ప్రతిదాంట్లో అదే చోట ఉంటుంది. అబద్ధం చెప్పే పదిమంది పది రకాలుగా చెబుతారు, నిజం చెప్పేవాళ్ళు ఒక్కటే చెబుతారు కదా, అట్లా. కాకపోతే నాలుగు రెట్లు ఫొటోలు తీస్తేనే శుభ్రత రెండు రెట్లవుతుంది. ఆరు గంటల దాన్ని రెండింతలు బాగుచేయాలంటే ఇరవై నాలుగు గంటలు తీయాలి. ఈ పనిలో ఆశకు అంతు లేదని మా ఇంట్లో వాళ్ళు అనేది ఇందుకే.

ఇప్పుడు అసలు చిక్కు. అబద్ధం చెప్పేవాళ్ళందరూ ఒకే అబద్ధం ఆడితే? అలాంటివి ఉన్నాయి. సెన్సారు మీద ఒక దుమ్మురేణువు ఉందనుకోండి, అది 72 ఫొటోల్లోనూ అదే చోట గుండ్రటి నల్లటి మచ్చ వేస్తుంది. మన గుర్రమూ నల్లటి మచ్చే కదా! సెన్సారులో కొన్ని గళ్ళు వెలుగు పడకపోయినా వెలుగుతూనే ఉంటాయి. పేర్చినకొద్దీ ఇవీ బలపడతాయి.

దీనికి మూడు విరుగుళ్ళు ఉన్నాయి. మొదటిది, టెలిస్కోపుకు మూతపెట్టి అదే ఐదు నిమిషాలు, అదే చలిలో ఫొటోలు తీయడం. అందులో వచ్చిందంతా కెమెరా సొంత కూత, దాన్ని తీసివేయాలి. రెండోది, తెల్లవారగానే టెలిస్కోపు మూతికి ఉతికిన తెల్లగుడ్డ బిగించి ఆకాశం ఫొటో తీయడం. గుడ్డలో ఏ గుర్రమూ లేదు గనక మచ్చ కనబడితే అది దుమ్ముదే. మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ప్రతి ఫొటోకూ మధ్య టెలిస్కోపును రవ్వంత పక్కకు జరపడం. జరిపినప్పుడు దుమ్ము కెమెరాతో పోతుంది, నీహారిక నక్షత్రాలతో ఉంటుంది. నక్షత్రాలతో ఉన్నది ఆకాశానిది, కెమెరాతో పోయింది మనది. ఫ్లెమింగ్‌కు, బప్పుకు ఎదురైన తగువును ఇవ్వాళ మనం ఈ మూడింటితో తీర్చుకుంటాం.

మరి కంప్యూటర్లో నేనేం చేశానో కూడా దాచకుండా చెబుతాను. మసక వెలుగును పైకి లాగాను. స్టూడియోలో పలుచని నెగటివ్‌కు గట్టి గ్రేడు కాగితం వాడినట్టే. ఫొటో అంతటికీ ఒకే లెక్క, గుర్రానికి ఒకటి, పక్కదానికి ఒకటి కాదు. ఎరుపు నేను పూసింది కాదు, కెమెరాలో పడిందే, కాని ఎంత ముదురుగా ఉండాలన్నది నా ఇష్టప్రకారం పెట్టుకున్నదని ఒప్పుకోవాలి. బ్రష్షు పట్టి ఎక్కడా గీయలేదు. ఈమధ్య ఫొటోను దానంతటదే పదును చేసే ప్రోగ్రాములు వచ్చాయి. వాటిలో కొన్ని అక్కడ లేని పోగులను కూడా అల్లి చూపించగలవు. అందంగానే ఉంటాయి. ముడతలు తీసేసిన ముఖం అందంగా ఉన్నట్టు. నేను వాడలేదు.

"ఇన్ని తంటాలు పడి, అందరికీ తెలిసిన గుర్రాన్నే మళ్ళీ తీయడమెందుకు?" అని ఒక తమ్ముడు అడిగాడు. దానికి జవాబుగా ఆండ్రోమెడా సంగతి చెప్పి ముగిస్తాను.

క్రీస్తుశకం 964లో అబ్దుర్రహ్మాన్ అల్-సూఫీ ఇస్ఫహాన్‌లో స్థిర నక్షత్రాల గురించి ఒక గ్రంథం రాశాడు. అందులో ఆండ్రోమెడా దగ్గర ఒక చిన్న మబ్బు ఉన్నదని గుర్తుపెట్టాడు. టెలిస్కోపు పుట్టడానికి ఆరువందల ఏళ్ళకు పైగా ముందు, ఉత్త కంటితో. అది మన పాలపుంత వంటి ఇంకో నక్షత్రమండలమని 20వ శతాబ్దంలో గాని తేలలేదు. 1888లో ఐజక్ రాబర్ట్స్ అనే ఔత్సాహికుడు దాని సుడులను ఫొటోలో చూపించాడు. అప్పటినుంచి ఆకాశంలో దానంత ఎక్కువగా ఫొటో తీయబడ్డవి కొన్నే ఉంటాయి. ఇంక అక్కడ కొత్తగా దొరికేదేముంది అని ఎవరైనా అనుకుంటారు.

2022లో ఫ్రాన్సులో యాన్ సెంటీ అనే ఔత్సాహికుడు 106 మిల్లీమీటర్ల టెలిస్కోపుతో, అంటే నా దానికంటే అంగుళం పెద్దది, ఆండ్రోమెడాను ఇరవైకి పైగా రాత్రులు, వంద గంటలకు పైగా తీశాడు. ఆక్సిజన్ వాయువు వెలిగే నీలిపచ్చ రంగును మాత్రమే వదిలే సన్నని ఫిల్టరు పెట్టాడు. ఆండ్రోమెడా పక్కనే ఒక పెద్ద విల్లు వంటి వెలుగు కనబడింది. పొడవు మూడు చందమామలంత. ఇంత పెద్దది ఇన్నేళ్ళుగా ఎవరికీ చిక్కలేదు, ఎవరూ ఆ రంగులో అంతసేపు వెలుగు పట్టలేదు గనక.

ఆయనకూ, ఆయనతో కలిసి పనిచేసిన మార్సెల్ డ్రెక్స్‌లర్, జేవియర్ స్ట్రాట్నర్ అనే వాళ్ళకూ ముందు వచ్చిన అనుమానం మన ఖాలా గారి అనుమానమే. గాజులో ప్రతిఫలించిన వెలుగేమో, కెమెరా చేసిన మాయేమో! వెంటనే చాటింపు వేయలేదు. వేరే ఊళ్ళలో, వేరే టెలిస్కోపులతో, వేరే కెమెరాలతో ఉన్నవాళ్ళ చేత తీయించారు. వాళ్ళ ఫొటోల్లోనూ అదే చోట అదే విల్లు. 2023 జనవరిలో శాస్త్రజ్ఞులతో కలిసి పత్రం అచ్చువేశారు. ఆ ఏడే గ్రీనిచ్ రాయల్ అబ్జర్వేటరీ వారి పోటీలో ఆ ఫొటో మొదటి బహుమతి గెలిచింది. ఆ విల్లు ఆండ్రోమెడా దగ్గరిదా, లేక మన పాలపుంతలోనే ఉండి దాని ముందర కనబడుతున్నదా అన్నదాని మీద శాస్త్రజ్ఞులు తర్జనభర్జన పడ్డారు. మన పాలపుంతలోదే అని తరువాత వచ్చిన పరిశోధనలు కొన్ని అంటున్నాయి.

భోజనాల బల్ల పక్కన ఇంకో బల్ల మీద నాలుగు ప్రింట్లు పెట్టాను. ఒకటి ఐదు నిమిషాల ఒంటరి ఫొటో, ఉన్నది ఉన్నట్టు. ఒకటి 72 పేర్చినది, ఇంకా లాగనిది. మూడోది తెల్లగుడ్డ ఫొటో, అందులో దుమ్ము మచ్చలు ఐదు ఉన్నాయి, పెన్సిలుతో సున్నా చుట్టాను. నాలుగోది గోడ మీది దానికి నకలు. పిల్లలు తెల్లగుడ్డ ఫొటోను, ఒంటరి ఫొటోను పక్కపక్కన పెట్టి ఏది దుమ్మో ఏది గుర్రమో చూసుకోవచ్చు. చేతికి బిర్యానీ ఉన్నవాళ్ళు మాత్రం ముట్టుకోకండి.

సెలవు. ఖుదా హాఫిజ్.